వెంకటరాయప్ప గారికి గంధపు ఫ్రేము

కచేరీలో పనిచేసేవాడి ఇంట్లో ఎవరైనా పోతే, వాడికి ఏ కానుక ఇవ్వాలో తేల్చడానికి కమిటీ వేయడాన్ని మించిన నాగరికత ఈ భూమ్మీద లేదు! కాదన్నవారితో వాదించడానికి నేను సిద్ధం.

పూర్వం ఎంత మోటుగా ఉండేది! మనిషి పోయాడని తెలియగానే జనం చేతులూపుకుంటూ వచ్చేసేవారు. అరుగు మీద గంటల తరబడి కూర్చునేవారు. మాట్లాడేదేమీ ఉండదు. ఏడ్చేవాడి పక్కన కూర్చుని తామూ ముక్కు చీదేవారు. అట్లా ఎన్ని పనిదినాలు మట్టిగొట్టుకుపోయాయో కదా!

ఇప్పుడా బాధ లేదు. కానుక ఒకటి ఇస్తే చాలునన్న పద్ధతిని మా హెడ్ క్లార్కు జయరామప్ప గారు కంటోన్మెంటు దొరలను చూసి నేర్చుకున్నారు. దాని మహిమ మా రికార్డు సెక్షన్‌లో రుజువైంది.

మా గుమాస్తా వెంకటరాయప్ప గారి భార్య మూడు రోజుల జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. మాగడి రోడ్డు పక్క సందులో, రెండు గదుల ఇంట్లో ఆయన ఒక్కరే మిగిలారు. కబురు వినగానే మా అందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే కమిటీ వేశాం! జయరామప్ప గారు అధ్యక్షులు, డిస్పాచ్ చూసే సొన్నప్ప సభ్యుడు, నేను కార్యదర్శిని.

"ఒకసారి ఇంటికి పోయి పలకరించి వద్దామా?" అని నేను నోరు జారాను.

"ఒట్టి చేతులతోనా?" అన్నారు జయరామప్ప గారు. "కానుక తేలనీయప్పా. అది తీసుకొనే పోదాం."

చూశారా! ఒక్క మాటతో మూడు వారాలు కలిసొచ్చాయి.

మొదటి మీటింగులో గోడగడియారం అనుకున్నాం. "పెండ్లాము పోయినోనికి పొద్దే పోదు. అది పోలేదని టిక్కుటిక్కుమని చెప్పేకి మళ్ళా ఒక యంత్రమా?" అన్నాడు సొన్నప్ప. గడియారం పోయింది.

నేను గొడుగన్నాను.

"గొడుగు, చెప్పులు కర్మల్లో ఆయన దానం చేసేవి కదప్పా! మనం ఆయనకిస్తే, ఇంతకీ పోయిందెవరని చూసినోళ్ళు అడగరా?" అన్నాడు మళ్ళీ సొన్నప్పే.

పండ్లబుట్ట అన్నారు అధ్యక్షులు.

"పండ్లు తీసుకొని పోతే కొత్త సంబంధం మాట్లాడేకి వచ్చినారనుకుంటాడు సార్!"

యుద్ధకాలం కదా, పనికొచ్చేదే ఇద్దామని, కంట్రోల్లో దొరకని కిరసనాయిలు ఒక డబ్బా ఇద్దామన్నాను. చావింటికి కిరసనాయిలా అన్నట్టు వాళ్ళిద్దరూ చూసిన చూపుకు, మినిట్సులోంచి ఆ ముక్క నేనే కొట్టేసుకున్నాను.

ఈలోగా కర్మలూ అయిపోయాయి. వెంకటరాయప్ప గారు నెల రోజులు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు. రోజూ ఆ వీధి మీదుగానే ఇంటికి పోయే సొన్నప్ప, కానుక తేలకముందే కనబడడం మర్యాద కాదని, సందు తప్పించి చుట్టూ తిరిగి పోయేవాడు. దుఃఖంలో ఉన్నవాడి మీద ఇంతకన్నా గౌరవం ఉంటుందా?

ఐదో మీటింగులో తేలింది. గంధపు చెక్కతో ఫోటో ఫ్రేము! అందులో ఆ ఇల్లాలి ఫోటో పెట్టుకుంటాడు. కింద పేరు చెక్కిద్దాం. ముగ్గురం చిక్కపేటలో చెక్కపని చేసే పాపయ్య దగ్గరికి వెళ్ళాం. పాపయ్య ఉలి చేతికి తీసుకుని, "ఆయమ్మ పేరేమి?" అన్నాడు.

మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

పదకొండేళ్ళుగా వెంకటరాయప్ప గారి క్యారియర్‌లోంచి ఆమె చేతి నిమ్మకాయ చిత్రాన్నం తిన్నవాళ్ళం. ఉప్పెక్కువైన రోజులు కూడా మాకు గుర్తున్నాయి. పేరంటారా... పేరుతో మాకేం పని పడింది?

"పోయి అడిగి రాండి. నడిస్తే ఎంతసేపు?" అన్నాడు పాపయ్య.

"కానుక లేకుండా పోతే ఏం బాగుంటాదప్పా?" అన్నారు జయరామప్ప గారు. చివరికి 'శ్రీమతి వెంకటరాయప్ప' అని చెక్కించాం. తప్పేముంది? వ్యాకరణం సరిగానే ఉందిగా!

ఆదివారం ముగ్గురం వెళ్ళాం. మాసిన గడ్డంతో వెంకటరాయప్ప గారే తలుపు తీశారు. మమ్మల్ని చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. "వచ్చినారా అప్పా! రాండి, రాండి, కూచోండి" అంటూ గబగబా చాప పరిచారు.

ఫ్రేము చేతికిచ్చాం. ఆయన అటూ ఇటూ తిప్పి చూశారు. చెక్కిన అక్షరాలను వేలితో మెల్లగా నిమిరారు.

"మునిలక్ష్మి," అన్నారు. "దాని పేరు మునిలక్ష్మి."

మేము తలలు ఊపాం.

"ఫోటో ఒకటీ లేదప్పా. ఫోటో తీస్తే ఆయుస్సు తగ్గుతాదని భయపడుతుండె. తీయకపోయినా తగ్గె."

కమిటీ ఈ అంశాన్ని చర్చించి ఉండలేదు!

"పోనీలే. ఎట్లుండెనో నేను చెప్తాను, వినండి" అని ఆయన మా ఎదురుగా కూర్చున్నారు. "పెండ్లిచూపులకి పోయినప్పుడు దాని చంకలో కోడిపుంజు ఉండె. అది నన్ను పొడిచె. ఇది నవ్వె చూడండి! అంతమంది పెద్దల ముందర, కండ్లల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వె..."

అప్పుడే జయరామప్ప గారికి రేషన్ అంగడి గుర్తొచ్చింది. సొన్నప్పకు ఏదో పెళ్ళి గుర్తొచ్చింది. చావింట్లోంచి వచ్చేటప్పుడు 'పోయొస్తాం' అనకూడదు కదా! మన పెద్దల ఆచారాల్లో ఎంత సౌకర్యం ఉందో ఆ క్షణాన నాకు తెలిసింది. ఒకరి తరువాత ఒకరు చప్పుడు చేయకుండా లేచారు. చివరికి నేనూ లేచాను.

వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే లోపల ఆయన గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది. కథ కోడిపుంజు దాటి పెళ్ళి పందిరి దాకా వచ్చింది. ఎవరికి చెబుతున్నారో నేను తిరిగి చూడలేదు. తిరిగి చూడకూడదని కూడా పెద్దలు చెప్పే ఉంటారని దారిలో ముగ్గురం ఏకగ్రీవంగా తీర్మానించాం.

పాఠకులారా, ఫ్రేము మాత్రం బ్రహ్మాండంగా ఉందని కచేరీ అంతా మెచ్చుకుంటోంది. అసలు సంగతి మీకొక్కరికే చెబుతాను, ఎవరితోనూ అనకండి. తిరిగి చూసి ఉంటే మళ్ళీ వెళ్ళి ఆ చాప మీద కూర్చోవలసి వచ్చేది. ఏడ్చేవాడి పక్కన ఊరికే కూర్చోవడం మా ముగ్గురిలో ఒక్కడికీ చేతకాదు.