చెయ్యెత్తితే ఆపేస్తాం

పళ్ళ డాక్టరు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు నాణ్యత తనిఖీ అధికారి వస్తాడు, క్లినిక్ అంతా చూపించాలి, గుర్తింపు పత్రం సంపాదించాలి. రోగులను గంటలకొద్దీ కూర్చోబెడుతున్నారని కిందటేడు ఆ పత్రం ఇవ్వలేదు. ఈసారి కూడా రాకపోతే ఎదురుగా కొత్తగా వెలిసిన క్లినిక్ ముందు తలెత్తుకోలేడు. అందుకే ముందుగదిలో పెద్ద బోర్డు పెట్టించి మూడు హామీలిచ్చాడు. నొప్పితో వచ్చినవారిని కూర్చోబెట్టం. ఏం చేయబోతున్నామో ముందే చెబుతాం. చెయ్యెత్తితే వెంటనే ఆపేస్తాం.

తీరా అద్దంలో చూసుకుంటే కుడిబుగ్గ బంతిలా ఉబ్బి ఉంది. దవడపన్ను ఒకటి నెలల తరబడి సలుపుతున్నా లవంగం పెట్టుకుని నెట్టుకొస్తున్నాడు. ఊరందరి పళ్ళూ పీకే మనిషికి సూదంటే చచ్చేంత భయం. ఆ సంగతి తెలిసింది అదే క్లినిక్‌లో పిల్లల పళ్ళు చూసే అక్కకు మాత్రమే.

"కుర్చీలో కూర్చోరా, చిటికెలో తీసేస్తాను" అంది అక్క.

తనిఖీ అయ్యాక చూద్దామన్నాడు తమ్ముడు. పళ్ళ డాక్టరే బుగ్గ వాచి కనిపిస్తే పరువేం కాను? తాను బడిపిల్లల శిబిరానికి వెళ్ళినట్టు చెప్పమని బతిమాలాడు. పోనీ ఇంటికి వెళ్ళి పడుకున్నాడా అంటే అదీ లేదు. తనిఖీ చూడకుండా ఉండలేక, తెల్లకోటు విప్పేసి ముందుగదిలో ఓ మూల పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

డాక్టరుగారు శిబిరానికి వెళ్ళారని అక్క చెప్పి లోపలికి వెళ్ళగానే, వచ్చిన అధికారి నేరుగా ఆ పేపరు దగ్గరికే నడిచాడు. ఇక్కడ వైద్యం ఎలా ఉంటుందని అడిగాడు. అంత మంచి అవకాశం డాక్టరు వదులుకుంటాడా? డాక్టరుగారి నేర్పు గురించీ, ఓర్పు గురించీ, చివరికి వినయం గురించీ కూడా వాచిన నోటితోనే ఏకరువు పెట్టాడు.

"అంత మంచివాళ్ళయితే ఇంత వాపుతో ఉన్న మిమ్మల్ని ఎందుకు కూర్చోబెట్టారండీ?" అన్నాడు అధికారి, బోర్డుకేసి చూస్తూ.

డాక్టరు పేపరు ఇంకాస్త పైకెత్తాడు. అంతలో అక్క లోపలి తలుపు తీసింది.

"రండి బాబూ, మీకోసమే చూస్తున్నాం." ఆవిడ కళ్ళల్లో చిన్ననాటి కక్షలన్నీ మెరిశాయి.

అధికారి కుర్చీ పక్కనే నిలబడ్డాడు. రెండో హామీ ప్రకారం అక్క అన్నీ విడమరిచి చెప్పింది. సూది ఎంత పొడవు, ఎక్కడ దిగుతుంది, పన్నును ఎటు ఊపి పీకుతారు. అవన్నీ రోజూ డాక్టరు తన రోగులకు చెప్పే మాటలే. వింటే ధైర్యం వస్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. సూది దగ్గరికి రాగానే చెయ్యెత్తాడు. ఆపింది. మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ ఆపింది. అధికారి మెచ్చుకోలుగా తల ఊపాడు.

ఈలోగా ముందుగది నిండిపోయింది. చెవిదాకా లాగేస్తోందంటూ ఓ బామ్మ మూలుగు తలుపు దాటి వినిపిస్తోంది. అధికారి తల ఊపడం మానేసి గడియారం చూశాడు.

"ఈయన చెయ్యి దించేదాకా వాళ్ళంతా కూర్చోవాల్సిందేనా?"

డాక్టరుకు లెక్క అర్థమైంది. తానిచ్చిన మూడో హామీ మొదటిదాన్ని మింగేస్తోంది, పత్రం తన చేతిమీదుగానే పోబోతోంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చున్నాడు. అక్కకు నిజంగానే జాలేసింది.

పన్ను వచ్చేసింది. అలవాటు చొప్పున అక్క, పిల్లలకు అంటించే 'ధైర్యవంతుడు' బిళ్ళ ఒకటి అతని చొక్కాకు అంటించింది. నోట్లో దూదితో బయటికొస్తుంటే బామ్మ గుర్తుపట్టేసింది.

"ఏం డాక్టరు బాబూ, అసలు నొప్పే ఉండదని నాకు చెప్తావుగా. మరి ఆ కన్నీళ్ళేమిటయ్యా?"

అధికారి డాక్టరును చూశాడు, బిళ్ళను చూశాడు, కొక్కేనికి వేలాడుతున్న తెల్లకోటును చూశాడు. డాక్టరు మళ్ళీ చెయ్యెత్తాడు.

"దించండి" అన్నాడు అధికారి. "ఎన్నో క్లినిక్‌లు చూశాను. సొంత హామీలు సొంత నోట్లో పరీక్షించుకున్న డాక్టరును మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. శిబిరం అబద్ధానికి మార్కులు కోస్తాను, చేతులమీద కూర్చున్నందుకు కలుపుతాను."

పత్రం వచ్చింది. అది గోడెక్కిన రోజే బోర్డుమీద మూడో హామీ కింద, అక్క చేతిరాతతో చిన్న సవరణ కూడా చేరింది: డాక్టర్లకు వర్తించదు.