నకిలీని ఇట్టే పట్టే మొగుడు

పాత వాచీల పిచ్చి ఉన్న మొగుడు దొరకడం పూర్వజన్మ సుకృతం! నవ్వకండి. నాకు దొరికారు కాబట్టే చెబుతున్నాను.

మా ఇంట్లో ముప్ఫై ఏడు వాచీలున్నాయి. టైము కావాలంటే పక్కింటావిడని అడుగుతాం. నడిచే వాచీని మా ఆయన నమ్మరు. నడుస్తోందంటే ఎవరో రిపేరు చేశారన్నమాట. రిపేరు చేశారంటే లోపల ఏదో మార్చారన్నమాట. ఆ లెక్కన చచ్చి పడున్న వాచీయే పతివ్రత!

ఆయన కంటికి భూతద్దం బిగించారంటే నకిలీకి మూడినట్టే. "ఈ సెకన్ల ముల్లు దీనిది కాదు, వెంట్రుకవాసి పొడుగుంది" అంటారు. "డయల్‌కి మళ్ళీ రంగేశారు, ఆరంకె తోక చూడు" అంటారు. చూస్తాను. నాకు ఆరు కనిపిస్తుంది.

ఓసారి ఆయన పుట్టినరోజు కదా అని, కొత్తగా కొన్న పాత వాచీని పాలిష్ పట్టించి తళతళలాడించి తెచ్చాను. మనిషి మంచం పట్టారు! యాభై ఏళ్ళ గీతలు, యాభై ఏళ్ళ మకిలి ఒక్క పూటలో పోగొట్టానట. "ఒరిజినల్ అంతా గీకి పారేశావు కదే!" అంటూ రెండు రోజులు అన్నం ముట్టలేదు. తప్పు నాదే. అంట్లు తోముకునేదాన్ని, మకిలి విలువ నాకేం తెలుసు?

ఇంతటి నిపుణుడు ఇంట్లో ఉంటే ఎంత ధైర్యం చెప్పండి! మమ్మల్ని మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు.

మొన్న నాకు గుండె పరీక్ష. మెట్లెక్కితే ఆయాసం వస్తోందంటే డాక్టరు రమ్మన్నారు. ఒంటరిగా వెళ్ళాలంటే భయమేసింది.

"ఏమండీ, మీరూ రాకూడదూ?" అన్నాను.

"వాచీ అమ్మే అతను వస్తానన్నాడే. నువ్వెళ్ళొచ్చేయ్" అన్నారు.

న్యాయమే కదా! నేనెక్కడికి పోతాను? వాచీ చేజారితే మళ్ళీ దొరకదు.

తిరిగొచ్చేసరికి హాల్లో లైటు కింద కూర్చుని, వాచీ వెనక మూత తీసి చూస్తున్నారు. నా చేతిలో రిపోర్టుల కవరు లావుగానే ఉంది. వచ్చే వారమే ఆపరేషనన్నారు. దారంతా ఏడ్చాను, కళ్ళు ఎర్రబడే ఉన్నాయి.

"ఏమన్నారు?" అని అడిగారు, భూతద్దంలోంచి కన్ను తీయకుండా.

"ఏముంది? అంతా బాగానే ఉందన్నారు."

"మంచిది" అన్నారు.

ఆ వాచీ లోపల ఎవరో ఒక్క మరమేకు మార్చారట. అరగంటలో పట్టేశారు. నా మాటని మాత్రం ఒక్కసారి తిప్పైనా చూడకుండా, ఒరిజినలే అని తీసేసుకున్నారు.