మూడు ఊళ్ల ప్లగ్గు

ఇకమీదట కడప జిల్లాలో ఏ ఇంట్లోనూ ఏ వస్తువూ కాలిపోదని గృహోపకరణ రక్షణ సంస్థ చైర్మన్ రాఘవేంద్రప్రసాద్ గారు ప్రొద్దుటూరు సభలో ప్రకటించారు. ఫ్రిజ్జులు, ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు, నీళ్ల మోటార్లు అన్నిటినీ పేరుపేరునా తలచుకుని, వాటి ప్రాణాలకు తన ప్రాణం అడ్డు వేస్తానన్నారు. అంతలో మైకు కాలిపోయింది. ఆయన మాత్రం ఇంకో ముక్కాలు గంట మాట్లాడారు.

చైర్మన్ గారిది మూడు తరాల బట్టల వ్యాపారం. పార్టీకి పదేళ్లపాటు జెండా గుడ్డ సప్లై చేసినందుకు గుర్తింపుగా ఈ పదవి వచ్చింది. పదవితోపాటు ఆఫీసు, కారు, లెటర్‌హెడ్, ఇద్దరు డైరెక్టర్లు వచ్చారు. సంస్థ చెయ్యాల్సిన పని ఏమిటో మాత్రం జీవోలో రాయడం మరిచిపోయారు. ఇంకొకరైతే కారెక్కి తిరుగుతూ కాలక్షేపం చేసేవారు. ఆయన అలాంటివారు కాదు కాబట్టి పని వెతుక్కున్నారు. అలా వెతుకుతూ వెతుకుతూ నాగేంద్ర షాపు ముందు కారు ఆపారు.

నాగేంద్ర మోటార్లకు వైండింగ్ చేస్తాడు. కాలిపోయిన రాగి తీగ విప్పేసి కొత్తది చుట్టడం అతని పని. ఊళ్లో కరెంటు ఎంత అడ్డదిడ్డంగా వస్తే అతనికి అంత గిరాకీ. అలాంటివాడు, తన పొట్ట తానే కొట్టుకున్నట్టు, మోటార్లు కాలిపోకుండా కాపాడే ప్లగ్గు ఒకటి తయారు చేశాడు. దానికి కారణం గులాబ్‌బీ.

గులాబ్‌బీ అదే వీధి చివర దోశపిండి రుబ్బి టిఫిన్ బండ్లకు వేస్తుంది. ఆ చుట్టుపక్కల కారం దోశ తినేవాళ్లలో సగంమంది తినేది ఆమె పిండే. భర్త పోయాక ఆ ఇల్లు నిలబడింది ఆ గ్రైండరు మీదే. రెండేళ్లలో దాని మోటారు మూడుసార్లు కాలింది. మూడోసారి ఆమె ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. షాపు మెట్టు మీద కూర్చుని, "ఇంగోసారి కాలితే నా చేత కాదప్పా," అంది. ఆ మాట నాగేంద్ర గుండెలో దిగబడింది. నెల రోజులు కుస్తీ పట్టి ప్లగ్గు చేశాడు. కరెంటు మరీ తగ్గినా, మరీ పెరిగినా దాని లోపల టక్కుమని చప్పుడై, పచ్చ బల్బు ఆరి ఎర్ర బల్బు వెలిగి, గ్రైండరుకు పోయే కరెంటు ఆగిపోతుంది. అంతా సర్దుకున్నాక మూడు నిమిషాలు ఆగి, మళ్లీ టక్కుమని వదులుతుంది. అది పెట్టాక ఎనిమిది నెలలు గ్రైండరుకు తుమ్ము కూడా రాలేదు.

చైర్మన్ గారు నాగేంద్ర వెంట గులాబ్‌బీ ఇంటికి పోయి, గ్రైండరుకు పెట్టి ఉన్న ఆ ప్లగ్గును చాలాసేపు చూశారు. ఇన్నాళ్లకు తన సంస్థ ఎందుకు పుట్టిందో తనకు తెలిసిందన్నారు. శాంపిలు వారం రోజులు తన దగ్గర ఉండనిమ్మన్నారు. డిజైను సంస్థకు అంకితం చేస్తున్నట్టు నాగేంద్ర చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నాగేంద్ర గులాబ్‌బీకి సంగతి చెప్పాడు. ఆమె ప్లగ్గు ఊడదీసి ఇస్తూ, "వారమంటే ఏడు దినాలేనా, గవర్నమెంటు వారమా?" అని అడిగింది.

మర్నాడు పేపర్లో 'ప్రొద్దుటూరు ప్లగ్గు' అని పడింది. జమ్మలమడుగు డైరెక్టరు ఆదినారాయణ ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, ప్లగ్గులో తమ ఊరు ఎక్కడుందని చైర్మన్ గారికి ఫోను చేశారు. పులివెందుల డైరెక్టరు ఫకీర్ సాహెబ్ ఫోను చెయ్యలేదు. నేరుగా రాజీనామా రాసుకుని వచ్చారు.

ఎవరి ఊళ్లో పెట్టినా ఇంకొకరికి కోపం వస్తుందని మీటింగు ఎర్రగుంట్ల గెస్ట్‌హౌసులో పెట్టారు. ప్లగ్గు సంగతులు చెప్పడానికి నాగేంద్రనూ పిలిపించారు. జనరల్ మేనేజర్ లక్ష్మీప్రియ ఫైలుతో వచ్చింది. ఇంజనీరింగు చదివి, గుంటూరు నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరు. ఫైల్లో ఎన్నడూ ఒక్క అబద్ధం కూడా రాయదని ఆమెకు మంచి పేరు. ప్లగ్గుకు ఉన్నవి మూడు పిన్నులనీ, ఉన్నవి మూడు ఊళ్లనీ, ఊరికొక పిన్ను తయారు చేస్తే సరిపోతుందనీ ఆమె చెప్పేసరికి ముగ్గురి ముఖాలూ విప్పారాయి. ఫకీర్ సాహెబ్ రాజీనామా మడిచి లోపల పెట్టుకున్నారు.

"పైన ఉండే లావుదేంది?" అని ఆదినారాయణ నాగేంద్రను అడిగారు.

"ఎర్తు సార్. రోజూ దాంట్లో కరెంటు పారదు. లోపల యాడన్నా తీగ తెగి బాడీకి తగిలితే, మనిషికి షాకు కొట్టకుండా ఆ కరెంటును భూమిలోకి దింపేస్తాది."

"అంటే రోజూ పనేమీ ఉండదు."

"ఉండదు సార్."

"పైన ఉంటాది. అన్నిటికంటే లావుగా ఉంటాది."

"అవును సార్."

చైర్మన్ గారు కుర్చీలో సర్దుకుని, అది ప్రొద్దుటూరు పిన్ను అన్నారు.

దాంతో మధ్యాహ్నం భోజనాలు ఆగిపోయాయి. జమ్మలమడుగు రైతుల చేతిలో సన్న పిన్ను పెడితే ఏమవుతుందో తాను చెప్పలేనని ఆదినారాయణ అన్నారు. తాను పులివెందుల బస్టాండులో ఇక బస్సు దిగలేనని ఫకీర్ సాహెబ్ అన్నారు. బయట సిమెంటు లారీలు పోతున్నాయి, లోపల అన్నం చల్లారుతోంది. నాలుగు గంటలకు లక్ష్మీప్రియ పరిష్కారం చెప్పింది. మూడు పిన్నులూ సమానంగా లావుగా ఉంటాయి. మరి పైన ఎవరు అన్నారు. పైనా కిందా లేకుండా ఒకే వరుసలో ఉంటాయంది. మరి మధ్యలో ఎవరు అన్నారు. మధ్య స్థానం రెండు నెలలకోసారి ఊరు మారుతుందని రాసుకుంది. మూడూ ఒకే రకం పిన్నులు కాబట్టి మార్చినట్టు ఎవరికీ తెలియదని నాగేంద్రకు నోటిదాకా వచ్చింది. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉండడం వల్ల ఊరుకున్నాడు.

"సార్, ఇట్ల చేస్తే ఇది ఏ సాకెట్లోనూ దూరదు సార్."

చైర్మన్ గారికి కోపం రాలేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. "సాకెట్టు గోడకు ఉంటాది కదా నాగేంద్రా. గోడలు మన సంస్థ కిందికి రావు."

నాగేంద్ర గుక్క తిప్పుకుని, మరి లోపలి భాగం ఏ ఊళ్లో చేస్తారని అడిగాడు. కాపాడేదంతా ఆ లోపలిదే కాబట్టి అడిగాడు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ భాగం కావాలని ఒక్కరూ అనలేదు.

"కనపడనిదానికి శిలాఫలకం యాడ ఏస్తామప్పా?" అన్నారు ఆదినారాయణ.

లోపలి భాగం తరువాత పరిశీలించబడునని లక్ష్మీప్రియ మినిట్సులో రాసింది. తరువాత చల్లారిన అన్నం అందరూ ఆనందంగా తిన్నారు.

మూడు వారాలు గడిచాయి. కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఆడుకుంటోంది. గులాబ్‌బీ స్విచ్చి దగ్గరే ముక్కాలిపీట వేసుకుని, వంటింటి బల్బు వెలుగు మారినప్పుడల్లా గ్రైండరు ఆపుతూ వేస్తూ పిండి రుబ్బుతోంది. నాగేంద్ర సంస్థ ఆఫీసుకు పోయాడు. సమావేశ మందిరంలో ఒక మూల తన ప్లగ్గు గాజు పెట్టెలో ఉంది. సందర్శకుల కోసం దాన్ని గోడ సాకెట్లో పెట్టి ఉంచారు. పచ్చ బల్బు చక్కగా వెలుగుతోంది. దానికి ఏ వస్తువూ తగిలించలేదు. కింద ఇత్తడి రేకు మీద మూడు పేర్లున్నాయి. అందులో తన పేరు లేదని నాగేంద్ర బాధపడలేదు. గ్రైండరు లేనందుకు బాధపడ్డాడు.

శాంపిలు వెనక్కి ఇమ్మని లక్ష్మీప్రియను బతిమాలాడు. అది ఆస్తుల రిజిస్టరులో ఎక్కిపోయిందని ఆమె నొచ్చుకుంటూ చెప్పింది. "పనిచెయ్యదని తేలితేనే బయటికి ఇవ్వగలమండీ. ఇది చక్కగా పనిచేస్తోంది."

పనిచెయ్యదని చెప్పేద్దామని ఒక్క క్షణం అనిపించింది. తాను కన్న బిడ్డను పనికిమాలినవాడని పదిమందిలో అనడం నాగేంద్ర వల్ల కాలేదు. ఇంటికి పోయి ఇంకో ప్లగ్గు చెయ్యడం మొదలుపెట్టాడు. అది సగంలో ఉండగా సంస్థ స్క్వాడు షాపుకు వచ్చి, నకిలీ ప్లగ్గు దొరికిందని పంచనామా రాసి పట్టుకుపోయింది. అసలు తయారు చేసింది తానేనని అతను అంటే, అందుకే నకిలీ ఇంత బాగా కుదిరిందని స్క్వాడువాళ్లు మెచ్చుకున్నారు.

ఆ గురువారం పొద్దున గులాబ్‌బీ పప్పు కడగడానికి పక్కకు వెళ్లిన రెండు నిమిషాల్లో హై ఓల్టేజీ వచ్చింది. నాగేంద్ర పరుగెత్తుకుంటూ పోయేసరికి వంటిల్లంతా పొగ. ఈసారి చుట్టడానికి మోటారే మిగల్లేదు. పాత మోటారు ఒకటి వెతికి బిగిస్తానన్నాడు. తప్పంతా తనదేనన్నాడు. అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

"ఆ ప్లగ్గు లేకుండా యాడ తెచ్చి పెట్టినా కాలిపోయేదే కదప్పా," అంది గులాబ్‌బీ. పెరట్లో బోర్లించిన రోలును మనవరాలు బుష్రా సాయంతో దొర్లించుకొచ్చి వంటింట్లో పెట్టింది. ఎనిమిది బండ్లకు వేసే పిండి రెండు బండ్లకు తగ్గింది.

జమ్మలమడుగులో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఈ మహత్తర పథకానికి ప్రేరణ ఒక పేద మహిళ అని పేపర్లో పడింది కాబట్టి, మొదటి ప్లగ్గు గులాబ్‌బీ చేతికే ఇచ్చారు. అరకిలో బరువు, మూడు లావుపాటి ఇత్తడి పిన్నులు, శాలువా, ఫోటో. ఆమె వేదిక దిగి నాగేంద్ర దగ్గరికి వచ్చి ప్లగ్గును చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది.

"లోపల ఏమన్నా ఉండాదా అప్పా?"

"లేదత్తా."

"అదే, చప్పుడు లేదు," అంది.

తరువాత పథకం పరుగులు తీసింది. మధ్య పిన్ను వంతు వచ్చినప్పుడు పులివెందులలో ఊరేగింపు చేసి బాణాసంచా కాల్చారు. జమ్మలమడుగులో వంతు అయిపోయిన రోజు నల్ల బ్యాడ్జీలు పెట్టుకున్నారు. నలభై వేల ఇళ్లకు నలభై వేల ప్లగ్గులు చేరాయి. లబ్ధిదారుల ఇళ్లలో తనిఖీ కూడా మొదలైంది.

లక్ష్మీప్రియ గులాబ్‌బీ ఇంటికి స్వయంగా వచ్చింది. నాగేంద్ర వెంట ఉన్నాడు. గులాబ్‌బీ రోలు ముందు కూర్చుని రుబ్బుతోంది. అరచేతులకు గుడ్డ చుట్టుకుంది. ప్లగ్గు ఎక్కడ పెట్టారని లక్ష్మీప్రియ అడిగింది.

"నేల ఎగుడుదిగుడు కదమ్మా, రోలు ఒకటే ఊగుతాండె. దాని కింద పెట్టినా. శానా గట్టి ప్లగ్గు. అది పెట్టినాక రోలు కదల్లేదు."

లక్ష్మీప్రియ వంగి చూసింది. రోలు కింద మూడు పిన్నులూ నేలలో దిగి ఉన్నాయి. ఫారంలో ఉన్న గళ్లు ఒక్కొక్కటే నింపింది. ప్లగ్గు పెట్టిన వస్తువు: రోలు. పెట్టిన తరువాత కాలిపోయిందా: లేదు. లబ్ధిదారు అభిప్రాయం: చాలా గట్టిది. వేలిముద్ర అక్కర్లేదని గులాబ్‌బీ సంతకమే పెట్టింది.

ఆరు నెలల సమీక్ష ప్రొద్దుటూరు ఆఫీసులో, విలేఖర్ల సమక్షంలో జరిగింది. చైర్మన్ గారికి కుడివైపు ఒక డైరెక్టరు, ఎడమవైపు ఒక డైరెక్టరు, ముగ్గురూ ఒకే ఎత్తు కుర్చీల్లో, ఒకే వరుసలో కూర్చున్నారు. మా ప్లగ్గు పెట్టిన వస్తువు ఈ జిల్లాలో ఇప్పటివరకు ఒక్కటి కూడా కాలిపోలేదని లక్ష్మీప్రియ చదివింది. చప్పట్లు మోగాయి. గులాబ్‌బీ గ్రైండరు కాలిందట కదా అని వెనక నుంచి ఒక విలేఖరి అడిగాడు.

"కాలిందండీ. కాలిన సమయానికి దానికి మా ప్లగ్గు లేదు," అంది లక్ష్మీప్రియ. "మా ప్లగ్గు పెట్టాక ఆమె ఇంట్లో ఏదీ కాలలేదు."

ప్లగ్గు లేకపోతే ఏమవుతుందో ఇంతకంటే రుజువేం కావాలని చైర్మన్ గారు గద్గద స్వరంతో అన్నారు. నివేదిక అక్షరాలా నిజమని డిజైనరు ధ్రువీకరించాలట. కాగితం నాగేంద్ర ముందుకు వచ్చింది. ఒక్క అబద్ధం దొరికినా సంతకం పెట్టకూడదనుకుని అతను రెండుసార్లు చదివాడు. దొరకలేదు. పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టాడు.

అప్పుడే హాల్లో ట్యూబులైట్లు తెల్లగా మండాయి. నెత్తిమీద ఫ్యాను గిర్రున తిరిగింది. మూల నుంచి టక్కుమని చప్పుడు. గాజు పెట్టెలో పచ్చ బల్బు ఆరి ఎర్ర బల్బు వెలిగింది. నాగేంద్ర ఒక్కడే అటు చూశాడు. ఇంతలో అతని జేబులో ఫోను మోగింది. ఎవరని చైర్మన్ గారు అడిగారు. గులాబ్‌బీ అని చెప్పాడు. మొదటి లబ్ధిదారు మాట అందరూ వినాలని ఆయన ఫోను తీసుకుని మైకు ముందు పెట్టారు.

"అప్పా నాగేంద్రా," అంది గులాబ్‌బీ గొంతు హాలంతా. "ఇప్పుడే మళ్లా హై ఓల్టేజీ వచ్చినాది. పక్కింటోళ్ల ఫ్రిజ్జు కాలిపోయె, ఎదురింటోళ్ల టీవీ కాలిపోయె. నా రోలు బాగనే ఉండాది."

హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చైర్మన్ గారు కళ్లు తుడుచుకున్నారు. డైరెక్టర్లిద్దరూ ఆయనను చెరోవైపు కౌగిలించుకున్నారు. చప్పట్లు మూడు నిమిషాలు ఆగలేదు. గాజు పెట్టెలో మళ్లీ టక్కుమని పచ్చ బల్బు వెలిగింది.