కెప్టెన్‌గారి పళ్ళెం

ఆ పొద్దున ఆల్డ్విన్ పెద్ద పనులేమీ పెట్టుకోలేదు. టిఫిన్ తినాలి, పిల్లలిద్దరినీ కొలనులో దింపాలి, గొడుగు కింద కాళ్ళు చాపుకుని పడుకోవాలి. అంతే. కస్టమ్స్ ఆఫీసులో గుమాస్తాగా ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ పెట్టెలు తెరిచి చూసిన మనిషికి, తన పెట్టెను ఇంకొకరు మోసుకెళ్ళి గదిలో పెట్టడం ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. చర్చి లాటరీలో భార్య మెర్లీన్‌కు తగిలిన బహుమతి అది. కరీబియన్ సముద్రం మధ్య చిన్న దీవి మీద, కోటీశ్వరులు దిగే రిసార్టులో, కుటుంబంతో సహా మూడు రోజులు.

వాళ్ళది పక్క దీవి కారియకూలో విండ్‌వర్డ్ అనే ఊరు. ఆ ఒడ్డున నిలబడితే ఆ రిసార్టు దీపాలు కనిపిస్తూనే ఉంటాయి. అంత దగ్గరున్నా ఊరివాళ్ళెవరూ అతిథులుగా అందులో కాలుపెట్టింది లేదు. అందుకే మెర్లీన్ పడవ దిగకముందే అందరినీ హెచ్చరించింది.

"ఇక్కడ మన పరువు తీసే పని ఎవరూ చెయ్యకండి. చెప్తున్నా."

ఆ మాట పైకి పిల్లలతోనే అంది గాని, చూపు మాత్రం అత్తగారి సంచీ మీద ఉంది. ఆ సంచీలో మొక్కజొన్న పిండి, కందులు, పొగబెట్టిన చేప, ఒక సీసా రమ్ము, ఇస్త్రీ చేసిన తెల్ల బల్లగుడ్డ ఉన్నాయి.

టిఫిన్ దగ్గర ఆల్డ్విన్ తల్లి ఇస్మే ఏదీ ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

"అమ్మా, కాస్త కోకో టీ అయినా తాగు," అన్నాడు ఆల్డ్విన్.

"రాత్రి మీ నాన్న కలలోకి వచ్చాడురా."

ఆల్డ్విన్ చేతిలోని ఫోర్కు ఆగిపోయింది. "ఏమన్నాడు?"

"ఏమంటాడు? ఎప్పుడూ అనేదే. 'ఇస్మే, ఆకలేస్తోంది' అన్నాడు."

"ఏటేటా పెడుతూనే ఉన్నావు కదమ్మా."

"నేను పెడుతున్నాను, ఆయన తినడం లేదు. ఈ రోజు ఆయన పోయిన రోజు. ఇంట్లో ఉంటే ఇంట్లోనే పెట్టుకునేదాన్ని. లాటరీ, లాటరీ అని లాక్కొచ్చింది మీరు. ఇక్కడే పెడతాను. పెద్దలకు పెట్టేదాకా నేను మంచినీళ్ళు కూడా ముట్టను."

మెర్లీన్ కళ్ళు మూసుకుంది. కాని అడ్డు చెప్పలేదు. మామగారు కెప్టెన్ గార్నెట్ సంగతి ఊరందరికీ తెలిసిందే. ఇస్మేతో పోట్లాడి, పళ్ళెం తోసేసి, ఖాళీ కడుపుతో పడవ వేసుకుని వెళ్ళాడు. పడవ తిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చింది, ఆయన రాలేదు. ఏం పోట్లాడుకున్నారో ఇస్మే ఎవరికీ చెప్పలేదు. అప్పటినుంచీ ఆయన ఆమె కలలో ఆకలితోనే తిరుగుతున్నాడు. ఆ ఒక్క ఆకలి తీరితే తను నిశ్చింతగా కన్ను మూస్తానని ఇస్మే చెబుతూ ఉంటుంది. 

పెద్దలకు పెట్టడంలో కష్టమేమీ లేదు. తెల్ల గుడ్డ పరిచి, వాళ్ళకిష్టమైనవి వండి, గ్లాసులో రమ్ము పోసి, కొవ్వొత్తి వెలిగించి, తలుపు మూసి అందరూ బయటికి వచ్చెయ్యాలి. వాళ్ళు వచ్చి తిన్నాక తలుపు తెరిచి, పళ్ళెంలోది అందరూ పంచుకోవాలి. ఒకటే నియమం. ఉప్పు వెయ్యకూడదు. ఉప్పు తగిలితే పోయినవాళ్ళు ఆ వంట వైపు కూడా చూడరు.

వంటకు పొయ్యి కావాలి గనక ఇస్మే తిన్నగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు ప్రెస్కాడ్ బార్బడోస్ మనిషి, ఈ దీవికి కొత్త. తెల్ల సూటు మీద దుమ్ము వాలడానికి కూడా భయపడేది. రిసార్టు యజమానుల్లో ఒకాయన చెప్పాపెట్టకుండా వచ్చి తనిఖీ చేస్తాడని పైనుంచి గుసగుస వచ్చినప్పటినుంచీ ఆయనకు నిద్ర సరిగ్గా లేదు.

"నాయనా, సాయంత్రం మా గదికి పెద్దలు వస్తారు," అంది ఇస్మే.

"పెద్దలా? ఎవరమ్మా?"

"మా ఆయనే. కెప్టెన్ గార్నెట్. భోజనం అక్కడే పెట్టాలి. దేంట్లోనూ ఉప్పు ఉండకూడదు. ఆయన తినేటప్పుడు ఎవరూ తొంగిచూడకూడదు."

"అలాగేనమ్మా. ఏ పడవలో వస్తారు? జెట్టీకి మనిషిని పంపుతాను."

"ఎలా వస్తాడో మనమెలా చెప్తాం? ఆయన ఎప్పుడూ చెప్పి రాడు."

చెప్పి రాడు! ప్రెస్కాడ్‌కు అంతా అర్థమైపోయింది. లాటరీ పేరుతో సామాన్యుల్లా దిగిన కుటుంబం, ఎవరి కంటా పడకుండా వచ్చే పెద్దమనిషి. ఆయనకు ఏదైనా తొందరగా అర్థమైపోతుంది, అదే ఆయనతో వచ్చిన చిక్కు.

కాసేపటికి ఆల్డ్విన్ గొడుగు కిందనుంచి చూస్తుండగానే అతని పెట్టెలు కొండకొమ్ము మీది బంగళాకు తరలిపోతున్నాయి. తోటమాలులు పొదలు కత్తిరిస్తున్నారు. జెట్టీకి పూలదండలు కడుతున్నారు.

"ఏమిటిదంతా?" అంది మెర్లీన్.

"ఏమో. ఏ మంత్రో వస్తున్నట్టున్నాడు," అన్నాడు ఆల్డ్విన్.

వంటింట్లో ఇస్మే చుట్టూ తెల్ల టోపీలు గుంపుగా నిలబడ్డాయి. పారిస్‌లో పని నేర్చుకున్న పెద్ద వంటవాడు మొక్కజొన్న పిండి కలుపుతున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి ఉప్పుడబ్బా మీదికి పోయింది. ఇస్మే గరిటెతో ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"చచ్చినా ఉప్పు వెయ్యకు!"

"ఉప్పు లేకుండా ఎలా తింటారమ్మా ఆయన?"

"అక్కడ ఎవరికీ ఉప్పు పడదు. తిప్పు, తిప్పు. ఉండకట్టిందంటే నీ పని చెప్తా."

ప్రెస్కాడ్ అంతటితో ఆగలేదు. కెప్టెన్‌గారికి ఏ సంగీతం ఇష్టమని అడిగితే, పెద్ద డోళ్ళంటే ప్రాణమని ఇస్మే చెప్పింది. ఆయన వెంటనే విండ్‌వర్డ్‌కు ఫోన్ చేశాడు.

"ఎవరి కోసం?" అన్నాడు అవతల డోలు వాయించే ముసలాయన.

"కెప్టెన్ గార్నెట్‌గారి కోసం. ఆయన ఇక్కడికి భోజనానికి వస్తున్నారు."

 అవతలి గొంతు మెత్తబడింది. "వస్తాం బాబూ. గార్నెట్‌కు పెడుతుంటే మేం రాకపోతే ఎలా? అందరం వస్తాం."

అన్నట్టే అందరూ వచ్చారు. మధ్యాహ్నం దాటాక రెండు పడవల నిండా విండ్‌వర్డ్ జనం తెల్లబట్టలు కట్టుకుని, డోళ్ళు, రొట్టెలు, రెండు కోళ్ళతో సహా పూలదండల కింద దిగారు. ఒక్కరి ముఖంలోనూ నవ్వు లేదు. పెద్దాయన పరివారం ఎంత క్రమశిక్షణగా ఉందో అనుకుని ప్రెస్కాడ్ ఒక్కొక్కరికీ వంగి నమస్కారం పెట్టాడు. ఈత బట్టల్లో ఉన్న దొరలు కొలనులోంచి లేచి, తువ్వాళ్ళు కప్పుకుని, వరసలో నిలబడ్డారు. ఎవరొస్తున్నారో వాళ్ళకు తెలియదు, అడగడం మర్యాద కాదని ఊరుకున్నారు.

కోళ్ళను చూశాక ఆల్డ్విన్‌కు విషయం బోధపడింది. ఈ హడావుడంతా తన తండ్రి కోసమే, ఆయన బతికే ఉన్నాడని మేనేజరు అనుకుంటున్నాడు. ఇప్పుడే ఆపకపోతే పరువు ఒక్కటే కాదు, అమ్మ పెట్టుకునే నాలుగు మెతుకులు కూడా నలుగురిలో నవ్వులపాలవుతాయి. పరుగున వెళ్ళి ప్రెస్కాడ్‌ను వంటింటి గుమ్మంలో పట్టుకున్నాడు.

"ఒక్క మాటండీ. మా నాన్న లేరండీ."

"తెలుసు సార్. ఇంకా రాలేదుగా."

"అది కాదండీ. ఆయన వెళ్ళిపోయారు."

ప్రెస్కాడ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వెళ్ళిపోయారా? భోజనం చెయ్యకుండానే?"

"భోజనం చెయ్యకుండానే," అన్నాడు ఆల్డ్విన్. నిజమే గనక అతని నోట మాట అలా వచ్చేసింది.

"ఎందుకు సార్? మేమేం తప్పు చేశాం?"

వెనకనుంచి ఇస్మే గరిటెతో బయటికి వచ్చింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి.

"వంట నచ్చక వెళ్ళాడు నాయనా. పళ్ళెం తోసేసి లేచిపోయాడు. తప్పంతా నాదే."

"మీరు మా తప్పును నెత్తిన వేసుకోకండమ్మా," అన్నాడు ప్రెస్కాడ్.  "మళ్ళీ వస్తారా?"

"సాయంత్రం రావాలి."

"ఈసారి ఆయన్ను ఆకలితో వెళ్ళనివ్వను. నాదీ పూచీ."

ఇస్మే చెయ్యి చాచి ఆయన తల మీద పెట్టింది. "నీ నోటిచలవన అదే జరగాలి," అంది. ఆ ముసలి చెయ్యి అలా ఉండగా ఆల్డ్విన్ నిజం చెప్పే ప్రయత్నం మానుకున్నాడు. పూచీ తీసుకున్న మనిషిని అమ్మ ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తోంది. ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా బంగళా గదిలో ఇస్మే తన బల్లగుడ్డ పరిచింది. పొగచేప, కందులు, గుండ్రంగా చుట్టిన పిండిముద్దలు పళ్ళెంలో సర్దింది. రమ్ము పోసి, కొవ్వొత్తి వెలిగించి, తలుపు మూసి వచ్చి వసారాలో కూర్చుంది. డోళ్ళు మెల్లగా మొదలయ్యాయి. కాసేపటికి ప్రెస్కాడ్ వెనకవైపునుంచి చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆల్డ్విన్ పక్కన నిలబడ్డాడు.

"ఇక భయం లేదు సార్," అన్నాడు మెల్లగా.

పువ్వులేవో సర్ది వచ్చాడనుకున్నాడు ఆల్డ్విన్.

డోళ్ళ వెంట ఆడవాళ్ళు పాట ఎత్తుకున్నారు. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తున్నారు. గార్నెట్ పేరు వచ్చినప్పుడు ఇస్మే కూడా గొంతు కలిపింది. ప్రెస్కాడ్ పక్కనున్న ముసలమ్మ వైపు వంగాడు.

"కెప్టెన్‌గారు లోపలికి వచ్చేశారంటారా?"

"వచ్చే ఉంటాడు బాబూ."

"ఆయన్ను మీరు చూసి చాలా రోజులైందా?"

"సముద్రంలో పోయినప్పటినుంచి ఎక్కడ చూశాం?"

ఈసారి ప్రెస్కాడ్‌కు నిజంగానే అర్థమైంది. తెల్ల సూటుతో మెట్టు మీద కూలబడ్డాడు. పూలదండల జెట్టీని, తువ్వాళ్ళలో నిలబడ్డ దొరల్ని ఒకసారి చూశాడు. తర్వాత ఇంకేదో గుర్తొచ్చి ఆల్డ్విన్ చొక్కా పట్టుకున్నాడు.

"సార్, నేనొక పని చేశాను..."

అప్పటికే ఇస్మే తలుపు తెరిచింది. పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుని, కళ్ళకద్దుకుని నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. డోళ్ళు కూడా ఆగిపోయాయి.

"ఉప్పు ఎవరు వేశారు?"

విండ్‌వర్డ్ జనం గుండెల మీద చేతులు వేసుకున్నారు. పెద్ద వంటవాడు తన చెయ్యి చూపించి, తను కాదని తల్లి మీద ఒట్టు వేశాడు. ప్రెస్కాడ్ లేచి నిలబడ్డాడు.

"నేనేనమ్మా. వంట నచ్చక వెళ్ళిపోయారన్నారు కదా, ఎలా ఉందోనని వెనకగా వెళ్ళి రుచి చూశాను. చప్పగా ఉంది. మళ్ళీ కోపంతో లేచిపోతారేమోనని అన్నిట్లో వేశాను. నాకు తెలియదమ్మా. ఆయన... అలా... అని నాకు తెలియదు."

ఆల్డ్విన్ ఒక్క అడుగులో తల్లి దగ్గరికి చేరాడు. ఆమె పడిపోతుందనుకున్నాడు. ఇస్మే పడలేదు. కెప్టెన్‌కు వేసిన కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది.

"నాకు చెప్పకుండా నా మేకల్ని అమ్మి పడవకు తెరచాప కొన్నాడురా," అంది కొడుకు వైపు చూసి. "ఆ కోపంతో ఆ రోజు కావాలనే ఉప్పు లేకుండా వండాను. ఒక్క ముద్ద తిని 'ఇస్మే, కాస్త ఉప్పు' అన్నాడు. నేను లేవలేదు. 'సముద్రంలో బోలెడుంది, వెళ్ళి తెచ్చుకో' అన్నాను. వెళ్ళాడు."

 కొవ్వొత్తి చిటపటలాడింది.

"ఇన్నేళ్ళూ నియమం, నియమం అని మళ్ళీ ఆ చప్పటి పళ్ళెమే ఆయన ముందు పెడుతున్నాను. ఆకలేస్తోందని అనక ఇంకేమంటాడు?"

ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో ఆల్డ్విన్‌కు తెలియలేదు. తల్లి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని భుజాలు పట్టుకున్నాడు. పరువు గురించి అందరినీ హెచ్చరించిన మెర్లీన్ బల్లగుడ్డ అంచుతో ముక్కు తుడుచుకుంది. ఇస్మే ఇంకో ముద్ద తీసి, గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డ ప్రెస్కాడ్‌ను రమ్మని పిలిచింది.

"తిను నాయనా. పొద్దుటినుంచీ నువ్వూ ఏమీ తినలేదు. పూచీ అన్నావు, నిలబెట్టుకున్నావు."

ఆ పళ్ళెం ఊరంతా పంచుకుంది. వరసలో నిలబడ్డ దొరలకు కూడా తలా కాస్త అందింది.

మర్నాడు టిఫిన్ దగ్గర ఇస్మే రెండు కప్పుల కోకో టీ తాగి, మెర్లీన్ ప్లేట్లోది కూడా తిన్నది. ప్రెస్కాడ్ దూరంనుంచి చూసి, ధైర్యం తెచ్చుకుని, చేతులు కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"రాత్రి కెప్టెన్‌గారు కలలోకి వచ్చారా అమ్మా?"

"వచ్చాడు."

"ఆకలన్నారా?"

"ఆ మాటే ఎత్తలేదు. కడుపు నిమురుకుంటూ కూర్చున్నాడు."

ఆల్డ్విన్ తలవంచుకుని కళ్ళు ఒత్తుకున్నాడు. ప్రెస్కాడ్ ఊపిరి వదిలాడు. కాని ఎంతైనా రిసార్టు మనిషి గనక అడగకుండా ఉండలేకపోయాడు.

"మా వంట గురించి ఏమైనా అన్నారా?"

ఇస్మే కప్పు కింద పెట్టింది.

"ఉప్పు కాస్త ఎక్కువైందన్నాడు."