బొగ్గు ముద్ర శాఖ

ఒక పెద్ద అడవిలో చావు కబురు మోసే ఉద్యోగం ముంగిసల కుటుంబానిది. మన ఒంట్లో ప్రతి కణంలోనూ కైనేజులనే ప్రొటీన్ల కుటుంబం చేసే పనీ ఇంచుమించు ఇదే. ఒకటి ఇంకోదానికి ముద్ర కొడుతుంది, ముద్ర పడ్డది లేచి మరోదానికి కొడుతుంది, చివరికి కణం బతుకో చావో తేలిపోతుంది. ఆ ప్రొటీన్లకు బుర్ర లేదు పాపం. ముంగిసలకు ఉంది, వాడలేదు.

ఏ బొరియలోనైనా తెగులు పుడితే పెద్ద ముంగిస బొగ్గులో పంజా ముంచి తమ్ముడి నుదుట ముద్ర వేసి, ఆ బొరియ ఎవరిదో చెవిలో చెబుతుంది. తమ్ముడు మేనల్లుడికి, మేనల్లుడు అడవిపందికి. పంది వెళ్లి బొరియ కూల్చేస్తుంది.

కానీ పంది కదిలేముందు ఒంటినిండా పొలుసులున్న ఒక ముసలి అలుగు అడ్డం పడేది. "ఆగు, ముందు నన్ను చూసి రానీ." తెగులు లేకపోతే పంది నుదురు తుడిచి పంపేసేది.

పెద్ద ముంగిసకు ఒళ్లు మండింది. సభలో లేచి, "మేం వేసిన ముద్రను తుడవడమా? శాఖ పరువేం కావాలి?" అంది.

"చూడటమంటే మిమ్మల్ని అనుమానించడమే కదండీ," అంది నక్క.

"ఆ అలుగు పదవి తీసేయండి," అంది అధ్యక్ష స్థానంలోని ఏనుగు. "భోజనాల వేళయింది."

మర్నాడే ముద్ర బయల్దేరింది. ఎవరి మీద? నీళ్లరేవు దగ్గర పెద్ద ముంగిసకు దారివ్వని ముళ్ల ఏదు మీద.

"అన్నా, నా పిల్లలు గంతులేస్తున్నారు చూడు! తెగులెక్కడుంది?" అంది ఏదు, గుమ్మంలోకొచ్చిన పందితో.

"నేను చూడకూడదమ్మా. ముద్ర పడింది."

"కళ్లున్నాయి కదయ్యా!"

"డ్యూటీలో లేవు," అని పంది మోర దించింది.

ఏదు వెనక కంతలోంచి ఇద్దరు పిల్లలతో బయటపడింది. మూడో పిల్ల రాలేదు.

బొరియ కూలిన దుమ్ము అడవంతా కమ్మింది. అందరికీ తుమ్ములు.

"తెగులు! తుమ్మినవాళ్ల బొరియలన్నీ కూల్చండి!" అని అరిచి, పెద్ద ముంగిస తనే గట్టిగా తుమ్మింది.

మేనల్లుడు వెంటనే పందికి ముద్ర వేసి మామ బొరియ చెప్పాడు.

"ఒరేయ్, అది దుమ్మురా! తెగులు కాదు!"

"చూడమని ఎవరూ చెప్పలేదు మామయ్యా. పైనుంచి వచ్చిన ఆర్డరు."

"పైనున్నది నేనేరా!"

"అయితే మీరే ఇచ్చుంటారు."

"అలుగును పిలవండి! అది చూసి చెబుతుంది!"

"ఆ పదవి లేదు కదండీ," అంది నక్క, తన తుమ్ము దిగమింగుకుంటూ.

పంది మోర దించింది.

నీతి: చూడకుండా ముద్ర వేసేవాడికి కళ్లక్కర్లేదు, సొంత బొరియ లేకపోతే చాలు.