చుక్కమ్మగారి భోజనం

మా ఇంట్లో మనుషులకంటే ఆవులే బాగా తింటాయి. ఇది ఫిర్యాదు కాదండీ, గర్వంగా చెప్పుకుంటున్న మాట. దేశంలో ప్రతి ఇల్లూ ఇలాగే ఉండాలని నా కోరిక!

నమ్మకం లేకపోతే ఒక పూట మా ఊరు రండి. రోలుగుంట దాటాక, చెరకు తోటల మధ్య నుంచి రోడ్డు కొండ వైపు తిరిగే చోట ఉంటుంది. ఆటో దిగి పోలిరాజు పశువుల పాక ఎక్కడని అడగండి, చిన్నపిల్లలు కూడా చూపిస్తారు. పోలిరాజు ఇల్లు ఎక్కడని అడిగితే మాత్రం కాస్త ఆలోచిస్తారు. కంగారు పడకండి. ఆ పాక పక్కన కాస్త చిన్నదిగా కనిపించేదే ఇల్లు.

పోలిరాజు మా నాన్న. పాకలో ఉన్నవి రెండు ఆవులు. పెద్దది చుక్కమ్మ. నుదుటి మీద తెల్లమచ్చ, నడకలో సర్పంచి దర్జా. రెండోది బుల్లి. ఈమధ్యే తొలిసారి ఈనింది. ఎవరైనా తోస్తే పక్కకి జరిగి, తోసినందుకు తనే సిగ్గుపడే రకం.

పోయిన ఏడాది దాకా ఈ రెండూ ఎంత అనాగరికంగా బతికాయో తలుచుకుంటే బాధేస్తుంది. గట్ల మీద గడ్డి, చెరకు నరికే రోజుల్లో చెరకు ఆకు, మిగతా రోజుల్లో ఎండుగడ్డి, సాయంత్రం గోళెంలో కుడితి. ఆ కుడితి కూడా మా ఒక్క ఇంటిది కాదు. వీధిలో ఆడవాళ్ళంతా బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయల తొక్కలు తెచ్చి మా గోళెంలో పోసేవారు. బదులుగా మా నాయనమ్మ లోవమ్మ వాళ్ళ చెంబుల్లో మజ్జిగ పోసేది. ఎంత అశాస్త్రీయం! ఎవరింటి నీళ్ళలో ఎంత ప్రోటీన్ ఉందో ఒక్కరైనా కొలిచారా?

ఆ చీకట్లోకి వెలుగులా వచ్చారు దేవీప్రసాద్ గారు. పాల కేంద్రానికి బుధవారం బుధవారం వచ్చి రైతులకు మేత గురించి చెప్పే సలహాదారు. ఇస్త్రీ చొక్కా, మోటార్ సైకిల్, ఎవరేమడిగినా విసుక్కోని మనిషి. ఆయన చెప్పింది ఒకటే. మొక్కజొన్న, తెలగపిండి, తవుడు, ఎండుగడ్డి ముక్కలు, ఉప్పు, లవణాల పొడి అన్నీ కలిపిన మేత ఇప్పుడు బస్తాల్లో వస్తోంది. అది బలమే కానీ, దాని మీదే ఆవుని బతికించకూడదు. పచ్చగడ్డి ఒక్కటే పెట్టినా చాలదు. ఏ రోజు గడ్డి ఆ రోజే కోసి, ముక్కలు చేసి, బస్తా మేతతో కలిపి పెట్టాలి. రెండూ కలిస్తేనే ఆవు పొట్ట చల్లగా ఉంటుంది, పాలూ నిలుస్తాయి.

ఇందులో వంక పెట్టడానికి ఏముంది చెప్పండి? నేను బైపీసీ చదువుతున్నాను. ఆవుకి కడుపులో నాలుగు గదులుంటాయని మా పుస్తకంలోనూ ఉంది. మా ఇంటికి రెండే గదులు. ఎవరి భోజనం ముఖ్యమో లెక్క తేలిపోలేదా!

ఆ బుధవారం నుంచి మా ఇల్లు సైన్సు ల్యాబ్ అయిపోయింది. పాక దూలానికి కాటా వేలాడింది. గడ్డి ముక్కలు చేసే మిషన్ వచ్చింది. బడికి పదిహేను రోజులు కూడా వెళ్ళని మా నాన్న నోటి వెంట ఫైబర్, డ్రై మ్యాటర్ అనే మాటలు తమలపాకు రసంలా జారసాగాయి. బస్తా మేతని తడిపి గుప్పెట్లో పట్టి పిండుతాడు. ముద్ద కట్టి నీళ్ళు కారితే తడి ఎక్కువ, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలితే తడి తక్కువ, మెల్లగా విచ్చుకుంటే సరి. ఓసారి అలవాటులో పళ్ళెంలో ఉప్మా కూడా అలాగే పిండి చూశాడు. నేను చూడనట్టు పక్కకి తిరిగాను.

ఇక ఫొటోల సంగతి. ఆవుకి తిన్నది ఒంటబట్టిందో లేదో పేడని బట్టి తెలుస్తుందట. అందుకని రోజూ తెల్లారి మా నాన్న పేడకి ఫొటో తీసి రైతుల వాట్సాప్ గ్రూపులో పెడతాడు. వెంటనే బొటనవేళ్ళు, చప్పట్లు, పూలగుత్తులు! నా పదో తరగతి మార్కుల ఫొటో కూడా ఆ ఫోన్లో ఉంది. పైన ఒక పేడ, కింద ఒక పేడ, మధ్యలో నేను. ఇంత పచ్చని నేపథ్యం ఏ విద్యార్థినికి దక్కుతుంది?

మా నాయనమ్మకి మాత్రం ఇదంతా నచ్చలేదు. గోళెం బోర్లించేశారని కోపం. ఖాళీ చెంబులతో వీధిలోవాళ్ళు రావడం మానేశారని ఇంకా కోపం. కాటా కేసి చూసి, "కడుపుని కాటా ఏసి తూసే కాలం వచ్చీసింది. నాను ఎల్లిపోయేక నా పిండాలు కూడా తూసి పెడతాడేటో ఈడు" అంది. పాతకాలం మనిషి. వదిలేద్దాం.

గడ్డి దానంతట అదే కోసుకుని వస్తుందా అని మీలో కొందరికి అనుమానం రావచ్చు. రాదండీ. పొద్దున్న పాలు పితికాక మా అమ్మ వెళ్ళి కోస్తుంది. ఏ రోజు గడ్డి ఆ రోజే కోయాలన్నారు కాబట్టి వాన వచ్చినా, ఒంట్లో బాగోకపోయినా రోజూ కోస్తుంది. మోపు నెత్తిన పెట్టుకుని గట్టు ఎక్కేటప్పుడు ఇదివరకు ఒక్క బిగిన ఎక్కేసేది. ఇప్పుడు దారిలో ఆగి, సరుగుడు చెట్టు పట్టుకుని నిలబడి, మళ్ళీ ఎక్కుతోంది. ఊరి ఆరోగ్య కేంద్రంలో నర్సు దుర్గాలక్ష్మి గారు సూది గుచ్చి చూసి, రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. ఆకుకూరలు, గుడ్లు, పాలు, చేపలు తినాలన్నారు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు మోపుతో సహా పడిపోతావని కూడా అన్నారు. అమ్మ నవ్వి, సరేనని, ఇచ్చిన మాత్రలు దేవుడి పటం వెనక పెట్టుకుంది.

కానీ మన విషయం అమ్మ కాదు. మేత. దయచేసి మేతలోకి రండి.

ఎంత మంచి పద్ధతికైనా మొదట్లో చిన్న తప్పు జరగడం సహజం. మా నాన్న చేసిన తప్పు చెబితే మీరు నవ్వకూడదు. ఆయన ఆవులకి వడ్డన చేశాడు! మనకి పప్పన్నం, కూర, పులుసు, ఆఖరికి మజ్జిగ ఎలా వరసగా వస్తాయో అలా. ముందు బస్తా మేత. అది అయ్యాక పచ్చగడ్డి. దాని తరవాత ఎండుగడ్డి. చివర్న, నాయనమ్మ పోరు పడలేక, చెంబుడు కుడితి. అంతా పొట్టలోకే పోతుంది కదా, కలపడమంటే అదే అనుకున్నాడు. కలగాపులగం చేసి పెడితే ఆవుని అవమానించినట్టని ఆయన భయం. పెళ్ళిలో పప్పూ పాయసం ఒకచోట పోసి పెడతామా?

రెండిటికీ తొట్టి ఒకటే. బస్తా మేత పడగానే చుక్కమ్మ తల అడ్డం పెట్టి నాకేసేది. పచ్చగడ్డి వచ్చేసరికి లేత ఆకులు ఏరుకునేది. బుల్లి అంతసేపూ వెనక నిలబడి, చుక్కమ్మ తృప్తిగా పక్కకి జరిగాక వచ్చి, మిగిలిన ముదురు కాడలూ ఎండుగడ్డీ నమిలేది. నెల తిరిగేసరికి చుక్కమ్మ ఇంకా నున్నగా తేలింది. బుల్లి డొక్కలు లోపలికి పోయాయి. పాలు సగమయ్యాయి. దానికి రోగమేదో వచ్చిందని, సంతకి తోలేద్దామని నాన్న అనేశాడు.

అప్పుడే దేవీప్రసాద్ గారు మా పాకకి వచ్చారు. మేత పెట్టే తీరు చూసి ఆయనకి నవ్వాగలేదు. ఆవులకి విస్తళ్ళు వేశారేమిటండీ అన్నారు. తరవాత నవ్వు ఆపి, తొట్టి అడుగున మిగిలిన కాడలు చేత్తో తీసి మా నాన్నకి చూపించారు. ఆ మాటలు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఎందుకంటే మా నాన్న వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ అవే చెబుతుంటాడు.

"పోలిరాజుగారూ, దీనికి రోగం లేదు. ఇది ఆఖర్న తింటోంది. అంతే. బలమైనది ముందు తిని మంచిదంతా ఏరుకుంటే, ఆఖర్న తినేదానికి కాడలే మిగుల్తాయి. అన్నీ కలిపెయ్యండి, ప్రతి ముద్దా ఒకేలా ఉండాలి. ఆఖర్న తినేదానికి ముందు పెట్టండి."

ఎంత గొప్ప మాట! మా నాన్న దాన్ని వేదంలా పట్టుకున్నాడు. పచ్చగడ్డీ, బస్తా మేతా ఒకచోట పోసి మోచేతుల దాకా కలుపుతాడు. తొట్టి మధ్యలో వెదురు అడ్డు కట్టాడు. ముందు బుల్లికి పెట్టి, చుక్కమ్మ తల చాపకుండా కర్ర పట్టుకుని కాపలా కూర్చుంటాడు. బుల్లి తింటున్నంతసేపూ దాని వీపు నిమురుతూ, "తినమ్మా, తొందర్లేదు. నీ తరవాతే ఎవలైనా" అంటాడు. అంత మెత్తటి గొంతు ఆయనకి ఉందని మాకు అప్పుడే తెలిసింది.

ఫలితం చూడాలి మరి! కొద్ది వారాల్లోనే బుల్లి డొక్కలు నిండాయి. ఒంటి మీద వెంట్రుక నిగనిగలాడింది. పాలు పుంజుకున్నాయి. నాన్న సంత మాట మరి ఎత్తలేదు. ఆఖర్న తినడమే రోగమని, ముందు పెట్టడమే మందని, మందుల షాపుకి వెళ్ళే పనే లేదని మా ఊరంతటికీ రుజువైంది.

మాడుగుల నుంచి మా మేనమామ త్రినాధరావు హల్వా పొట్లం పట్టుకుని వచ్చింది ఆ రోజుల్లోనే. నాన్న ఆయన్ని ఇంట్లోకి కాకుండా నేరుగా పాకలోకి తీసుకెళ్ళి, మేత పిండి చూపించి, కాటా చూపించి, పేడ ఫొటోలన్నీ చూపించాడు. మామయ్య అన్నీ చూశాడు. గడ్డి మోపు దించి గుమ్మంలో ఆయాసపడుతున్న చెల్లెలి కేసి కూడా చూశాడు.

"బావా, మా సెల్లిక్కూడా ఆ తొట్టిలోంచే పెట్టకపోయేవా. ఈ ఇంట్లో బలమైన తిండి అక్కడే ఉన్నట్టుంది."

"పాలిత్తే పెట్టేత్తాను బావా," అన్నాడు నాన్న. ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మ కూడా నవ్వింది. మామయ్యే ముందు నవ్వు ఆపాడు.

చూశారా, మళ్ళీ అమ్మలోకి వచ్చేశాను. క్షమించండి. కానీ ఇంత మంచి పద్ధతిని పాకలోనే ఉంచేయడం స్వార్థం కాదా? నాలుగు గోడల మధ్యకి కూడా విస్తరించవద్దా? విజ్ఞానాభివృద్ధికి నా వంతు సాయం చేద్దామని పోయిన ఆదివారం నేనొక ప్రయోగం చేశాను.

ఆదివారం మా వీధికి సముద్రం వైపు నుంచి చేపలమ్మే ఆవిడ గంపతో వస్తుంది. ఆ రోజు పులుసు. మా ఇంట్లో చేపల పులుసుకి ఒక వరస ఉంది. ఎవరూ పెట్టిన నియమం కాదు. ఎప్పట్నుంచో అలా వస్తోంది. నడిమి ముక్కలు నాన్నకి. తరవాత నాయనమ్మకి ముల్లు లేనిది. తరవాత నాకు. అందరూ లేచాక అమ్మ గిన్నె దగ్గర కూర్చుని, అడుగంటిన అన్నంలో పులుసు పోసుకుని, తోక ముక్క ఉంటే తింటుంది, లేకపోతే ఉందనుకుని తింటుంది. అడిగితే తనకి పులుసే ఇష్టమంటుంది. బుల్లిని ఎవరూ అడగలేదు కానీ, అడిగి ఉంటే అదీ కాడలే ఇష్టమని ఉండేది.

ఆ రోజు వడ్డన నేను చేస్తానన్నాను. ముందు అమ్మ చెయ్యి పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాను. పళ్ళెంలో అన్నం, తోటకూర, నడిమి ముక్క పెట్టి ఆమె ముందుంచాను. నాన్న చేతులు కడుక్కుని వచ్చి ఆగిపోయాడు. కోపం కాదు. తొట్టిలో మొదటిసారి వెదురు అడ్డు చూసిన చుక్కమ్మ మొహం ఎలా ఉందో అలా ఉంది మొహం.

"ఏటమ్మా ఇది?" అన్నాడు.

నేను ఇంట్లో కూడా ఎక్కువ మాట్లాడను. అయినా సైన్సు కోసం అన్నాను. "సారు సెప్పేరు కదా నాన్నా. ఆఖర్న తినేదానికి ముందు పెట్టమని."

మా నాయనమ్మకి నవ్వొచ్చి పొలమారింది. తేరుకోవడానికి చాలాసేపు పట్టింది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

నాన్న ఏమంటాడోనని నేను చూస్తుంటే, అమ్మ అంది.

"అది పసువులకి సెప్పిన మాటే. ముందు మీ నాన్నకి ఎయ్యి." అంటూనే తన పళ్ళెంలోని ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేసి, పీట మీంచి లేచిపోయింది. లేస్తూ ఒక క్షణం గోడ పట్టుకుంది.

నాన్న అది చూశాడు. చూడలేదనను. ఆయన అన్యాయం చేసే మనిషి కాదు. కర్ర పట్టుకుని మరీ న్యాయం చేసే మనిషి. కాసేపు ముక్క కేసి, కాసేపు గోడ కేసి చూసి, ఆలోచించి, "బుధవారం సారు వత్తారు కదా. అడిగి సూద్దాం" అన్నాడు. తరవాత ముక్క తిన్నాడు.

సరైన మాటే! శాస్త్రం తెలిసినవాళ్ళని అడక్కుండా సొంతంగా మేత మార్చడం ఎంత ప్రమాదమో మనం చూశాం. నాకు ఉన్న ఇబ్బంది ఒకటే. బుధవారం మా నాన్నకి గుర్తుంటుందో లేదో తెలియదు. నేను పదిమందిలో నోరు విప్పలేను. అందుకని ఈ పేపర్లోనే అడిగేస్తున్నాను. పాల కేంద్రంలో పేపరు వేయించుకుంటారు కాబట్టి ఆయన కంట పడకపోదు.

దేవీప్రసాద్ గారూ, మా ఇంట్లో ఇంకొకరు ఆఖర్న తింటున్నారు. పాలిచ్చేవాళ్ళు కాదు సార్, పాలు పితికేవాళ్ళు. వాళ్ళక్కూడా ముందు పెట్టొచ్చా?