మేబెల్ గారి పల్చటి కీబోర్డు

మానవజాతి సాధించిన నాగరికత అంతా మణికట్టు మీదే ఆధారపడి ఉందన్న సంగతి అందరికీ తెలిసిందే అయినా, ఇంతవరకు ఏ ప్రభుత్వమూ దాన్ని లిఖితపూర్వకంగా ఒప్పుకోలేదు. గుండెకు ఆసుపత్రులున్నాయి, కంటికి ఉచిత శిబిరాలున్నాయి, మోకాలికి నూనెలున్నాయి. మణికట్టుకు మాత్రం గాజులు తప్ప ఇంకేమీ లేవు. ఈ అన్యాయాన్ని సరిదిద్దే భాగ్యం చివరికి సికింద్రాబాద్ కార్ఖానాలోని రాష్ట్ర నకళ్ళ ధ్రువీకరణ మండలి శాఖా కార్యాలయానికి దక్కింది.

ఆ కార్యాలయం చేసే పని చాలా గొప్పది. నకలు నిజంగా నకలేననీ, పొరపాటున కూడా అసలు కాదనీ ముద్ర వేసి ఇస్తుంది. (అసలు కాగితాలను ధ్రువీకరించే కార్యాలయం వేరే ఉంది. అక్కడికి వెళ్ళాలంటే ముందు ఇక్కడ నకలు తీసుకోవాలి.) మేబెల్ గారు అక్కడ ఇరవై తొమ్మిదేళ్ళుగా టైపిస్టు. చిలకలగూడలో ఇనుప టైపు మిషన్ మీద నేర్చుకున్న చేతులు కాబట్టి, ఆవిడ మీట నొక్కరు, కొడతారు. ఆ కొట్టుడుకు పాత కీబోర్డులో కొన్ని మీటలు లోపలికి దిగి మళ్ళీ బయటికి రావడం మానేశాయి. రెండేళ్ళ నుంచి ఆవిడ కుడి మణికట్టు కూడా అదే బాట పట్టింది.

ఆఫీసు పని వరకైతే ఆవిడ పళ్ళ బిగువున భరించేవారే. కానీ ఆదివారం ఒకటుంది కదా. వాళ్ళ చర్చిలో ఆర్గాన్ వాయించేది ఇరవై రెండేళ్ళుగా ఆవిడే. క్రిస్మస్ ఆరాధనలో మూడో కీర్తన దగ్గర చెయ్యి మొండికేసింది. చర్చి కార్యదర్శి లూకా ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి ఎంతో ప్రేమగా చెప్పాడు.

"మేబెలక్కా, నువ్వేం టెన్షన్ పడకు. కీర్తనలన్నీ ఫోన్లో ఉన్నాయి. ఈస్టర్‌కి నీకు చేతకాకపోతే బ్లూటూత్ స్పీకర్ పెట్టేద్దాం. తాళం కూడా తప్పదు."

ఆ చివరి మాట మేబెల్ గారి గుండెలో కలుక్కుమంది. తన తాళం ఎప్పుడు తప్పిందో ఇంటికెళ్ళాక రాత్రంతా వెతుక్కున్నారు. ఈస్టర్ నాటికి చెయ్యి బాగుచేసుకోవాలి, లేదా ఆ ఆర్గాన్ మీద గుడ్డ కప్పాలి. అంతే, ఇంకో దారి లేదు.

ఫిజియోథెరపీ చేసే సృజన అనే అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఆఫీసులో తీసిన కీబోర్డు ఫోటో చూసి, "ఆంటీ, ఇది కీబోర్డు కాదు, అరుగు. రోజంతా దీని మీదికి చెయ్యి ఎక్కిస్తే మణికట్టు విరిగినట్టే ఉంటది. పల్చటిది తీసుకోండి, లో ప్రొఫైల్ మెకానికల్ అని దొరుకుతది. ఒక్కో మీటకు లోపల సొంత స్ప్రింగ్ ఉంటది, మీరు కొట్టక్కర్లేదు, తాకితే చాలు" అని తేల్చి చెప్పింది.

ఆ శనివారమే మేబెల్ గారు పార్క్ లేన్‌లో కంప్యూటర్ సామాన్ల దుకాణాలెక్కారు.

"గేమింగ్ కోసమా మేడం?" అన్నాడు దుకాణదారు.

"కాదు బాబూ, నకళ్ళ కోసం."

అతను కాసేపు ఆలోచించి, ఆ ఆట పేరు వినలేదని ఒప్పుకుని, మూడు కీబోర్డులు ముందు పెట్టాడు. ఒకటి అసలు చప్పుడే చేయదు. ఒకటి టకటకమని ఊరంతా చాటుతుంది. మధ్యది మాత్రం మీట దిగుతున్నప్పుడు వేలికి చిన్న ఆనవాలిచ్చి, మర్యాదగా ఊరుకుంటుంది. మేబెల్ గారు మూడింటి మీదా ఒకే పరీక్ష పెట్టారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా రోజుకు నలభై సార్లు కొట్టిన వాక్యం, "పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా". మధ్యదాని మీద ఆ వాక్యం చివరిదాకా వెళ్ళింది, చెయ్యి నొప్పెట్టలేదు. ఇంకోసారి కొట్టారు. నొప్పి లేదు. ఆవిడకు అక్కడే కళ్ళు చెమర్చాయి. దుకాణదారు కంగారుపడి టీ తెప్పించాడు.

కొనుక్కుని వెళ్ళి బల్ల మీద పెట్టుకుంటే సరిపోయేది కదా అని అమాయకులు అడగవచ్చు. సరిపోదు. మండలి నియమావళి పద్నాలుగో నియమం ప్రకారం కార్యాలయపు బల్ల మీద ఒక రాత్రి గడిపిన ప్రతి వస్తువూ కార్యాలయ ఆస్తి. దాని మీద తెల్ల పెయింటుతో నంబరు వేయాలి. శాఖాధికారి కల్పలత మేడం ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు ఒకసారి మరిచిపోయి బల్ల మీద వదిలేశారు. తెల్లారేసరికి పెయింటర్ ఓంప్రకాశ్ దానికి నంబరు వేసేశాడు. ఆ ఫ్లాస్కు మళ్ళీ ఇల్లు చూడలేదు. ప్రతి మార్చిలోనూ అది ఉందా లేదా అని మేడమే సంతకం పెడతారు. అందుకని మేబెల్ గారు సరైన దారిలోనే వెళ్ళారు. డిసెంబరు ఇరవై తొమ్మిదిన దరఖాస్తు పెట్టుకున్నారు.

దరఖాస్తు మీద మీటల ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. కల్పలత మేడం అధ్యక్షురాలు, స్టోర్స్ సూపరింటెండెంట్ తిరుమల్ సభ్యుడు. (దరఖాస్తుదారు టైపు చేస్తారు కాబట్టి, నిష్పాక్షికత కోసం టైపు చేయడం రానివాళ్ళనే వేశారు.) మూడు దుకాణాల నుంచి కొటేషన్లు వచ్చాయి. అన్నిటికన్నా తక్కువదాన్నే తీసుకోవాలని నియమం ఉంది. ఇక్కడ అడిగిందే తక్కువ ఎత్తు కాబట్టి, మండలి చరిత్రలో మొదటిసారి నియమమూ అవసరమూ ఒకే వస్తువు దగ్గర కలుసుకున్నాయి. ఈ విశేషాన్ని నోట్ ఫైల్లో ప్రత్యేకంగా నమోదు చేశారు.

ఫిబ్రవరిలో నమూనా పరీక్ష జరిగింది. హోదా ప్రకారం మేడం ఎంటర్ మీట నొక్కారు. తిరుమల్ స్పేస్ మీట నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, అనుమానంగా చూశాడు.

"మేడం, దీంట్ల సప్పుడే వస్తలేదు. రేపు మేబెల్ మేడం పని జేస్తున్నరో, కూసొని కునుకు తీస్తున్నరో బయటోళ్ళకు ఎట్ల తెలుస్తది?"

"అక్షరాలు పడతాయి కదండీ తిరుమల్ గారూ" అన్నారు మేబెల్ గారు.

"అక్షరాలు లోపల పడ్తయ్. వరండాల కూసున్న పబ్లిక్‌కు యాడ కనబడ్తయ్?"

మేడం ఈ వాదనలో బలం ఉందని గుర్తించి, మూడు వారాలు ఆలోచించారు. ఆఖరికి, టైపు చేస్తున్నంతసేపూ దరఖాస్తుదారు అప్పుడప్పుడూ దగ్గాలనే షరతు మీద కీబోర్డు మంజూరైంది. మేబెల్ గారు వెంటనే ఒప్పుకున్నారు. చెయ్యి బాగుపడుతుందంటే ఆవిడ తుమ్మడానికి కూడా సిద్ధంగా ఉన్నారు.

మార్చి మూడో వారంలో కీబోర్డు వచ్చింది. నల్లగా, నాజూగ్గా, ముప్పావు అంగుళం మందాన ఉంది. ఈస్టర్‌కి ఇంకా రెండు వారాలున్నాయి. మేబెల్ గారు చీర కొంగుతో దాన్ని తుడిచి, బల్ల మీద పెట్టుకుని, వేళ్ళు ఆనించబోతుండగా తిరుమల్ పరుగున వచ్చాడు.

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి! నంబర్ ఎయ్యకుంట షురూ జేస్తరా ఏంది? ఆడిట్ల నా నౌకరి పోతది!"

ఓంప్రకాశ్ బ్రష్షు, డబ్బా పట్టుకుని వచ్చాడు. కీబోర్డును తిప్పి చూశాడు, తలకిందులుగా చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. నియమం ప్రకారం అక్షరాలు అంగుళంన్నర ఎత్తుకు తగ్గకూడదు. అవి ఎదుట నిలబడ్డ తనిఖీ అధికారికి కనబడేలా వస్తువు నిలువు ముఖం మీద ఉండాలి. పాత కీబోర్డుకు వెనకవైపు గోడలా అంగుళంన్నర ఉండేది, నంబరు హాయిగా పట్టింది.

"సార్, గిది అప్పడం లెక్కుంది. నేను యాడ రాయాలె?"

"కింద రాయొచ్చు కదా నాయనా" అన్నారు మేబెల్ గారు.

తిరుమల్ జాలిగా నవ్వాడు. "కింద రాస్తే లేపి సూడాలె మేడం. గంత పెద్ద సారు ఇన్‌స్పెక్షన్‌కొచ్చి, వంగి, మీ కీబోర్డు లేపుతడా? ఆయనకు నడుము తక్లీఫ్ ఉంది."

"పోనీ అక్షరాలు చిన్నగా రాయించండి."

"చిన్న అక్షరాలకు పర్మిషన్ పై ఆఫీస్ ఇయ్యాలె. లెటర్ పెడ్తా. వచ్చే ఏడాదికల్ల వస్తది."

మేబెల్ గారు కంగారుపడ్డారు. ఈస్టర్ అని నోటిదాకా వచ్చింది. ఆ కంగారులో నిజంగానే అనేశారు. "తిరుమల్ గారూ, ఏదో ఒకటి చేసి పెట్టండి. పండక్కి నేను ఆర్గాన్ వాయించాలండీ."

తిరుమల్ చెడ్డవాడు కాదు. పండగ అనగానే కరిగిపోయాడు. "జెర ఆగుండ్రి మేడం, మీరు పరేషాన్ కాకుండ్రి. నేను చేసి పెడ్తా" అని మాటిచ్చి, కీబోర్డు తీసుకుని స్టోర్స్‌లోకి వెళ్ళాడు. రెండు రోజులు లోపలి నుంచి రంపం చప్పుడు వినిపించింది. మధ్యాహ్నం భోజనం కూడా లోపలే చేశాడట.

మూడో రోజు ఓంప్రకాశ్, తిరుమల్ చెరో పక్కా పట్టుకుని మోసుకొచ్చారు. పనికిరాని బెంచీ నుంచి కోసిన టేకు చెక్క, రెండు అంగుళాల మందం. దాని మీద కీబోర్డును నాలుగు ఇత్తడి పట్టీలతో, ఎనిమిది మరలతో బిగించారు. చెక్క నిలువు ముఖం మీద తెల్లగా, నిగనిగలాడుతూ నంబరు ఉంది. గేటు దగ్గర నిలబడ్డ మనిషికి కూడా కనబడుతోంది.

"ఎట్లుంది మేడం?" అన్నాడు తిరుమల్. మొహం వెలిగిపోతోంది. నుదుటి మీద రంపపు పొట్టు అంటుకుని ఉంది.

మేబెల్ గారు కళ్ళతోనే కొలిచారు. చెక్క రెండు అంగుళాలు, కీబోర్డు ముప్పావు. పాత అరుగు కన్నా అంగుళంపావు ఎత్తు. చెయ్యి దాని మీద పెడితే మోచెయ్యి గాల్లో తేలింది, మణికట్టు ఎటు వంగాలో తెలియక రెండు వైపులా వంగింది. మరలు విప్పమని అడుగుదామనుకున్నారు. నంబరు పడిన వస్తువును విడదీయడం పదిహేనో నియమం కింద నేరం. కుర్చీ ఎత్తు పెంచమందామనుకున్నారు. అది కూర్చునే వస్తువుల ఉపసంఘం పరిధి, దాని అధ్యక్షుడు బదిలీ అయి ఆరేళ్ళయింది. ఎదురుగా తిరుమల్ పసిపిల్లాడిలా మెచ్చుకోలు కోసం నిలబడి ఉన్నాడు.

"చాలా బాగుంది తిరుమల్ గారూ" అన్నారు ఆవిడ. ఏడుపు ఆపుకోవడానికి దగ్గారు. షరతు నెరవేరిందని మేడం గది నుంచి నమోదు చేసుకున్నారు.

ఆ వారంన్నరా దాని మీదే పని. ఈస్టర్ ఉదయం మేబెల్ గారు తెల్లచీర కట్టుకుని, మణికట్టుకు పట్టీ చుట్టుకుని ఆర్గాన్ ముందు కూర్చున్నారు. మొదటి కీర్తన మొదటి వరుస బ్రహ్మాండంగా వచ్చింది. రెండో వరుసలో కుడి చెయ్యి జారిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే కాసేపు దిక్కులేకుండా నడిచింది. లూకా కంగారులో ఫోన్ నొక్కాడు. స్పీకర్ అందుకుంది. తాళం తప్పలేదు, అది నిజమే. మూడో చరణానికి ముందు మాత్రం మోకాళ్ళ నొప్పుల నూనె ప్రకటన వచ్చింది. వెనక వరుసలో ఇద్దరు అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. మేబెల్ గారు ఆర్గాన్ మూత దించి, దాని మీద గుడ్డ కప్పి, వచ్చి బెంచీలో కూర్చున్నారు. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నారు.

సోమవారం కల్పలత మేడం పిలిచారు. మేడం మొహంలో మంచి పని చేసిన తృప్తి ఉంది.

"మేబెల్ గారూ, మీ ఫైల్ క్లోజ్ చేసేద్దామండీ. ఉపశమన ధ్రువపత్రం ఒకటి ఇచ్చేయండి. ఆరు కాపీలు. జిరాక్స్ వద్దు, మన ఆఫీసు సంగతి మీకు తెలుసు కదా, నకలంటే మనకే నమ్మకం ఉండదు. ఆరూ టైపు చేసేయండి."

"మేడం, నొప్పి తగ్గలేదండీ."

"అయ్యో. తగ్గలేదు అనడానికి ఫారం లేదండీ" అన్నారు మేడం నిజంగానే బాధపడుతూ.

మేబెల్ గారు వచ్చి కూర్చున్నారు. "పై విషయమై తమకు తెలియజేయునది ఏమనగా, నూతన కీబోర్డు వలన నా కుడి మణికట్టు నొప్పి పూర్తిగా తగ్గినది" అని కొట్టారు. మూడో ప్రతికి మణికట్టు పట్టేసింది. ఐదో ప్రతిని ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని పూర్తి చేశారు. ఆరో ప్రతి అయ్యాక తిరుమల్ పెన్ను అందించాడు. ఆవిడ పట్టుకున్నారు, అది బల్ల మీద పడింది. మళ్ళీ పట్టుకున్నారు, మళ్ళీ పడింది. తిరుమల్ కాసేపు ఆలోచించి, స్టోర్స్‌కి వెళ్ళి ఇంకు ప్యాడ్ తెచ్చాడు.

ఫైలు ఆ సాయంత్రమే మూసేశారు. ఆఖరి పేజీలో ఇలా ఉంది: "చేతి నొప్పి కారణంగా దరఖాస్తుదారు సంతకం చేయలేకపోయినందున, నొప్పి తగ్గినట్లు ఆమె ఎడమ బొటనవేలి ముద్ర తీసుకోవడమైనది."